పల్స్ గన్నుతో బిగించిన బోల్టుల టార్క్ (తిప్పి బిగించే బలం) ఉదయం ఒకలా, మధ్యాహ్నం ఒకలా వస్తోంది

ప్రశ్న (భీమవరం నుంచి):
రొయ్యల చెరువుల ఏరేటర్లకు గేర్‌బాక్సులు అమర్చే చిన్న వర్క్‌షాపు మాది. గేర్‌బాక్సు మూతకు ఉన్న ఎనిమిది ఎం10 (10 మిల్లీమీటర్ల) బోల్టులను 45 న్యూటన్ మీటర్లకు, అంటే మా కుర్రాళ్ల లెక్కలో దాదాపు నాలుగున్నర కేజీలకు, బిగించాలి. గాలితో నడుస్తూ, లోపలి నూనె ద్వారా చిన్న చిన్న తోపులతో (పల్సులతో) బోల్టును బిగించే ఆయిల్ పల్స్ గన్ను వాడుతున్నాము. ఉదయం బిగించినవి క్లిక్ రెంచితో (పెట్టిన టార్క్ అందగానే క్లిక్ మనే రెంచితో) చూస్తే సరిగానే ఉంటాయి గానీ, మధ్యాహ్నం బిగించినవాటిలో రెండు మూడు ఇంకా తిరుగుతున్నాయి. గన్ను బలాన్ని సర్దే స్క్రూ కాస్త పెంచితే మర్నాడు ఉదయమే ఒక బోల్టు సాగిపోయింది. స్క్రూను ఎక్కడ నిలపాలో దయచేసి చెప్పగలరు.

సమాధానం (తణుకు నుంచి):
అయ్యా, ముందుగా ఆ స్క్రూను ముట్టుకోకండి. గన్ను లోపలి నూనె వేడెక్కేకొద్దీ పలచబడుతుంది, దానితో ప్రతి పల్సు బలమూ తగ్గుతుంది. కాబట్టి చల్లని గన్ను మీద చేసిన సర్దుబాటు మధ్యాహ్నానికి నిలవదు, వేడి మీద పెంచినది మర్నాడు ఉదయం బోల్టును సాగదీస్తుంది. పాతిక ముప్ఫై బోల్టులు బిగించి గన్ను పనివేడికి వచ్చాకనే సర్దుబాటు చేయాలి.

అంతకన్నా ముందు గాలి సంగతి చూడాలి. కంప్రెసర్ దగ్గరి గేజీని నమ్మకండి. గన్ను ప్రవేశం వద్ద గేజీ పెట్టి, గన్ను నడుస్తుండగా ఎంత ఉందో చూడండి. ఇటువంటి గన్నులకు సాధారణంగా గాలి ఒత్తిడి 6.3 బార్ ఉండాలని చెబుతారు. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కనుక ట్యాంకులోని నీటిని రోజూ వదలడం కూడా తప్పనిసరి.

ఇక మీ క్లిక్ రెంచి. అది 45కు తక్కువైతే పట్టిస్తుంది గానీ, 60కి బిగిసిన బోల్టు దగ్గరా అలాగే క్లిక్ అని ఊరుకుంటుంది. ఉదయం అన్నీ సరిగా ఉన్నాయని మీరు అనుకోవడానికి కారణం బహుశా ఇదే. డయల్ లేదా డిజిటల్ రెంచితో బిగింపు దిశలోనే మెల్లగా లాగుతూ, బోల్టు తల కదలడం మొదలైన క్షణంలోని అంకెను రాసుకోండి. తలకూ మూతకూ కలిపి మార్కరుతో గీత గీస్తే ఆ కదలిక తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
గన్ను వద్ద చూస్తే 4.8 బారే ఉందండి. అదే లైను మీద మధ్యాహ్నం పూట పెయింటు గన్ను కూడా నడుస్తోంది, పైపు 8 మిల్లీమీటర్లది, పొడవు 20 మీటర్లు.

సమాధానం:
అయితే నూనెకన్నా గాలిదే పెద్ద తప్పు. లోపలి వ్యాసం 12 లేదా 13 మిల్లీమీటర్లున్న పొట్టి పైపు వేసి, పెయింటుకు వేరే లైను ఇవ్వండి. ఆ తరువాత స్క్రూను ఒక్కసారికి ఎనిమిదో వంతు చుట్టుకు మించకుండా తిప్పుతూ, ప్రతిసారీ పది బోల్టుల అంకెలు చూడండి. పది అంకెలూ దగ్గరదగ్గరగా ఉండి మొత్తంగా తక్కువైతే అది స్క్రూ పని. చెల్లాచెదురుగా ఉంటే స్క్రూతో కుదరదు, నూనె మట్టమో సాకెట్ అరుగుదలో చూడాలి. నూనె మార్చాల్సి వస్తే ఆ గన్నుకు చెప్పినదే పోయండి. ఇంజను ఆయిలు పోసి గన్ను పాడుచేసుకున్నవారిని ఇద్దరిని చూశాను.

మూత కింద గాస్కెట్ ఉంటే, ఎదురెదురు బోల్టులను ముందు సగం బిగువుకు, రెండో చుట్టులో పూర్తి బిగువుకు తేవాలి. లేకపోతే చివరి బోల్టు బిగిసేసరికి గాస్కెట్ అణిగి మొదటిది వదులవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
పైపు మార్చి, వేడి గన్ను మీద సర్దుబాటు చేశాక ఏడు బోల్టులు 43 నుంచి 47 మధ్య వస్తున్నాయి. మోటారు వైపున్న ఎనిమిదోది మాత్రం ఎప్పుడూ 38 దాటడం లేదు.

సమాధానం:
అక్కడ గన్ను పట్టక ఎక్స్‌టెన్షన్ రాడ్డు వేస్తున్నారేమో చూడండి. పల్సు బలంలో కొంత ఆ రాడ్డు మెలికలోనే పోతుంది. ఆ ఒక్కదాన్ని గన్నుతో సగం వరకే బిగించి, చేతి టార్క్ రెంచితో పూర్తిచేయండి. దాని కోసం గన్ను పెంచితే మిగిలిన ఏడూ చెడతాయి.

ప్రశ్న అడిగినవారు:
అవునండి, అక్కడ ఆరంగుళాల రాడ్డు వేస్తున్నాము. రేపటి నుంచి ఆ బోల్టును చేతితోనే పూర్తిచేయిస్తాను.