సమస్యాపూరణం: నీరు నిలువని కారుకే నీరు చేటు

నిర్వాహకులు

కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం పూరించవలసిన సమస్య ఇది.

*నీరు నిలువని కారుకే నీరు చేటు*

ఛందస్సు తేటగీతి. రబ్బింగ్, పాలిషింగ్ ముగిసి గీతలు పోయిన కారు రంగుపై చివరి పూతగా వ్యాక్స్ (మైనం) వేయాలా, సీలెంట్ (కృత్రిమ పాలిమర్ల పూత) వేయాలా అన్న విషయాన్ని ఆధారం చేసుకొని పూరణ సాగాలి. మనలో చాలామంది తమ ప్రాంతాల పేర్లతోనే రాసే విశాఖవాసులు కనుక సముద్రాన్నీ, ఉప్పుగాలినీ, పోర్టు నుంచి వచ్చే ధూళినీ పద్యంలోకి తెచ్చుకోవచ్చు. అయితే ఒక్క నియమం ఉంది. గణాలూ యతులూ సరిపోయినంత మాత్రాన పూరణను అంగీకరించను, పద్యంలో చెప్పిన మాట కారు షెడ్డులో కూడా నిజం కావాలి.

భీమిలి

గురువుగారికి నమస్కారం. నా పూరణ:

*మైనమద్దగ బిందువుల్ మణులు గాగ*
*నెండకారిన సున్నమే యెల్ల చోట*
*మచ్చలై కారు మోమును మసకపరచు*
*నీరు నిలువని కారుకే నీరు చేటు*

కార్నౌబా (ఒక చెట్టు ఆకుల మైనం) వ్యాక్స్ పూసిన రంగుపై నీరు గుండ్రని బొట్లుగా నిలుస్తుంది. ఎండ తగలగానే బొట్టులోని నీరు ఆవిరైపోయి, అందులో కరిగి ఉన్న సున్నం తెల్లని వలయంగా మిగులుతుంది. బొట్లు ఎంత అందంగా కడితే మచ్చలు అంత ఎక్కువగా పడతాయన్నది నా భావం.

నిర్వాహకులు

భీమిలి గారూ, పద్యం ధారాళంగా నడిచింది. రెండవ పాదంలో ద్రుతసంధి వలన వచ్చిన నకారాన్ని వదలి అచ్చుకు యతి చెల్లించారు, అది సమ్మతమే. కానీ అన్వయంలో చిక్కు ఉన్నది. బొట్లు మణుల్లా నిలిచి ఉన్నాయని మొదటి పాదంలో మీరే అన్నారు. నిలిచి ఉన్నప్పుడు సమస్యాపాదంలోని "నీరు నిలువని" అన్న విశేషణం ఆ కారుకు ఎలా చెల్లుతుంది?

గాజువాక

నాకు మరొక సందేహం ఉన్నది. వాన నీటిలో సున్నం ఉండదు. తెల్లని మచ్చలు పడేది బోరు నీటితో కడిగి, తుడవకుండా ఎండలో వదిలేసిన కార్లకే. ఆ సంగతి మీ వివరణలోనూ లేదు, పద్యంలోనూ లేదు. పైగా బొట్లు కట్టడం ఒక్కటే పూత గొప్పతనానికి గుర్తు అన్న అపోహను మీ పద్యం పరోక్షంగా పోషిస్తున్నది. నీరు పలుచని తెరలా ఒక్కసారిగా జారిపోయే పూతలు కూడా ఉన్నాయి, మన ఎండకు అవే మేలు. పాలిషింగ్ షాపుల్లో బానెట్ మీద నీళ్లు చల్లి బొట్లు చూపించి డబ్బు తీసుకోవడం మామూలు. ఆ బొట్లు మన ఇంటి ముందు ఆరిన తరువాత ఏమవుతాయో అక్కడ ఎవరూ చెప్పరు.

భీమిలి

ఇద్దరికీ ధన్యవాదాలు. మొదటి పాదాన్ని ఇలా మారుస్తున్నాను.

*బోరు నీటను గడుగగా బొట్లు జార*
*నెండకారిన సున్నమే యెల్ల చోట*
*మచ్చలై కారు మోమును మసకపరచు*
*నీరు నిలువని కారుకే నీరు చేటు*

నిర్వాహకులు

సవరణ బాగున్నది. బొట్లు జారిన దారిలో మిగిలిన తడే ఆరి మచ్చ అవుతున్నదని ఇప్పుడు అన్వయం కుదిరింది. పద్యంలోంచి మైనం పోయింది గాని నిజం వచ్చింది. సాధకులకు ఒక మాట: లేత సున్నపు మచ్చలు పలుచన చేసిన వెనిగర్‌తో పోతాయి, ఆ వెంటనే మంచి నీటితో కడిగి మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి.

పెదవాల్తేరు

సమస్యలో "కారుకే" అన్నదాన్ని "కారుకు, ఏ" అని విడదీసి, చివరి పాదాన్ని ప్రశ్నగా మార్చుకొని పూరిస్తున్నాను.

*నూనె తుడిచిన మేనిపై నూతనముగ*
*పలుచగా నొక సీలెంటు బామినంత,*
*వాన కానిమ్ము, కడలిపై వాయువైన,*
*నీరు నిలువని కారుకే నీరు చేటు?*

పాలిష్ చేసినప్పుడు దానిలోని నూనెలు రంగుపై మిగిలిపోతాయి. సీలెంట్ కృత్రిమ పాలిమర్లతో తయారవుతుంది, అది శుభ్రమైన, రంగుపై పారదర్శకమైన పైపొరగా ఉండే క్లియర్ కోట్‌కు నేరుగా అంటుకోవాలి. మధ్యలో నూనె పొర ఉంటే పట్టు దొరకదు. అందుకే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీటిలో కలిపి, ఒక్కొక్క ప్యానెల్‌ను తుడిచిన తరువాతనే సీలెంట్ వేయాలి. ఈ తుడుపు వలన మరొక లాభం ఉన్నది. నూనె చాటున దాగిన సన్నని గీతలు బయటపడి, పాలిషింగ్ నిజంగా పూర్తయిందో లేదో తెలుస్తుంది.

నిర్వాహకులు

పెదవాల్తేరు గారూ, విరుపు చమత్కారంగా ఉన్నది. సమస్యలోని నిందను ఒక్క అక్షరం దగ్గర విడదీసి ధైర్యవచనంగా మార్చారు. మొదటి పాదంలోని "నూనె తుడిచిన" అన్న రెండు మాటల్లోనే పని అంతా ఉన్నది. వ్యాక్స్ కొద్దిపాటి నూనెను సహిస్తుంది, సీలెంట్ సహించదు. ఈ భేదాన్ని పద్యంలో పెట్టినందుకు ప్రత్యేకాభినందనలు.

భీమిలి

పద్యం చాలా బాగున్నది గాని మూడవ పాదంలో "వాయువైన" అన్న మాట నాకు నచ్చలేదు. నాలుగవ పాదంలో అడిగేది "ఏ నీరు చేటు" అని కదా? వాన నీరే, గాలి నీరు కాదు. ప్రశ్నకూ ఉదాహరణకూ పొత్తు కుదరలేదు. "కడలిపై వచ్చు జల్లు" అంటే యతి కూడా చెడదు.

పెదవాల్తేరు

మీ సవరణ సుందరంగా ఉన్నది. అయినా నా మాటకు ఆధారం చెప్పుకుంటాను. రుషికొండ దగ్గరో, ఆర్కే బీచ్ దగ్గరో అలలు విరిగినప్పుడు లేచిన సూక్ష్మమైన తుంపరలు గాలిలోనే ఆరిపోతాయి. వాటిలోని ఉప్పు రేణువులు గాలి వెంట ఊరిలోకి వచ్చి కార్లపై వాలుతాయి. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే ఆ ఉప్పు తేమను పీల్చుకొని తానే ద్రవంగా మారుతుంది. విశాఖలో రాత్రిపూట అంతటి తేమ అరుదేమీ కాదు. అంటే వాన చుక్క పడకపోయినా తెల్లవారేసరికి కారు మీద ఉప్పునీటి పొర ఉంటుంది. కనుక మన ఊళ్లో వాయువు కూడా నీరే.

నిర్వాహకులు

వాదం గట్టిగా ఉన్నది, శాస్త్రం మీ పక్షాననే ఉన్నది. కానీ వ్యాఖ్యానం లేకుండా పాఠకుడికి ఇది అందదు. సముద్రపు ఊరు ఎరుగని పాఠకుడి కోసం భీమిలి గారి "వచ్చు జల్లు"ను పాఠాంతరంగా ఉంచుదాం. మనవాళ్ల కోసం "వాయువైన" అన్నదే ఉండనివ్వండి.

కంచరపాలెం

*ముందు మైనము రుద్ది యా మీద సీలు*
*పూత పూయగ వారమే పోకమునుపె*
*పొరలు పొరలుగ నూడగా బోరు నీట*
*నీరు నిలువని కారుకే నీరు చేటు*

వ్యాక్స్ వేసి దానిపై సీలెంట్ కూడా వేస్తే రెండింతల రక్షణ కలుగుతుందని చాలామంది అనుకుంటారు. ఆ అపోహను ఎత్తిచూపాలని ప్రయత్నించాను.

నిర్వాహకులు

ఉద్దేశం మంచిది. అయితే మొదటి పాదంలో యతి తప్పింది. "ముందు"లోని ము, "మీద"లోని మీ హల్లులో కలిశాయి గాని అచ్చులో కలవలేదు. రెండవ, మూడవ పాదాలు నిర్దోషం.

గాజువాక

విషయంలో కూడా ఒక దోషం ఉన్నది. సీలెంట్ పొర మైక్రోమీటరులో కొంత భాగం మాత్రమే ఉంటుంది. క్లియర్ కోట్ ఒక్కటే సాధారణంగా 40 నుంచి 50 మైక్రోమీటర్ల మందం ఉంటుందని గుర్తు చేసుకుంటే ఈ పూత ఎంత పలుచనో అర్థమవుతుంది. అటువంటిది పొరలు పొరలుగా ఊడిపోవడం ఎవరి కంటికీ కనిపించదు. వ్యాక్స్ పైన పూసిన సీలెంట్ రంగును అంటుకోదు, కింది మైనం అరిగినప్పుడు దానితోపాటు తానూ పోతుంది. కడిగినప్పుడు నీరు జారే తీరు మారడమే దానికి గుర్తు. "పొరలు పొరలుగ" అన్నది మేడ గోడ సున్నానికి సరిపోయే మాట.

నిర్వాహకులు

గాజువాక గారి విమర్శ సమంజసమే. కంచరపాలెం గారూ, మీ వరుసను తిప్పితే యతి, విషయం రెండూ ఒక్కసారే సరిపోతాయి. ఈ పాదాన్ని పరిశీలించండి.

*ముందు సీలెంటు, దానిపై మురిపెముగను*

అంటే మొదట సీలెంట్ వేసి, డబ్బాపై చెప్పినంత సేపు దాన్ని గట్టిపడనిచ్చి, ఆపైన ఇష్టమైతే వ్యాక్స్ వేయడం. చాలా సీలెంట్లకు 12 నుంచి 24 గంటల పాటు తడి తగలకూడదు. "మురిపెముగను" పాదపూరణకు వచ్చిన మాటలా కనిపించినా ఇక్కడ వ్యర్థపదం కాదు. సీలెంట్ ఉన్నచోట వ్యాక్స్ పని రక్షణ కన్నా మురిపెమే. ముదురు రంగు కార్లకు అది ఇచ్చే లోతైన నిగారింపు వేరు, దాని కోసం వేసుకునేవారిని నేను తప్పుపట్టను.

కంచరపాలెం

ధన్యవాదాలు గురువుగారూ. మిగిలిన పాదాలను మీరు చూపిన వరుసకు తగినట్లు మళ్లీ రాస్తాను. చిన్న సందేహం: బంపరుకు ఇటీవలే కొత్తగా పెయింట్ వేయించాము. దానికి కూడా ఇదే వరుస పాటించవచ్చా?

గాజువాక

పాటించకండి. తాజాగా పాలిష్ చేసిన పాత రంగు వేరు, తాజాగా పూసిన రంగు వేరు. షెడ్డులో వేసిన రంగులోని ద్రావకాలు ఇంకా వెలుపలికి రావలసి ఉంటుంది. దానిపై వెంటనే సీలెంట్ మూత వేయకూడదు. రంగు తయారీదారులు సాధారణంగా 30 నుంచి 90 రోజులు ఆగమంటారు. మీరు వేయించిన రంగుకు ఎంత గడువో షెడ్డువారిని అడిగి తెలుసుకోండి.

సీతమ్మధార

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. నా పూరణ:

*పైని జారిన నీరమ్ము పాదు కట్టి*
*తలుపు లోపలి రంధ్రాల దాగి యుండ*
*నుప్పుతో గూడి యినుమును నొలుచు తుప్పు*
*నీరు నిలువని కారుకే నీరు చేటు*

మనం వ్యాక్సా, సీలెంటా అని వాదించుకునేదంతా పైరంగు గురించే. పైరంగు చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం దాని కింది రేకుకు పైవైపు నుంచి తుప్పు రాదు. సముద్రతీరంలో తుప్పు మొదలయ్యేది తలుపుల అడుగు అంచుల్లో, నీరు పోవలసిన రంధ్రాలు మట్టితో పూడుకుపోయినచోట. అక్కడికి మనం చేతితో రుద్దే పూత చేరదు. పూత ఎంత బాగా పనిచేస్తే నీరు అంత వేగంగా జారి ఆ సందుల్లోకే వెళుతుంది.

నిర్వాహకులు

సీతమ్మధార గారూ, సమస్యలోని వైరుధ్యాన్ని ఏ మాటనూ విరవకుండా, ఏ మాటనూ అదనంగా ఊహించుకోనక్కరలేకుండా తీర్చిన పూరణ ఇదే. "నీరు నిలువని" అన్నది పైకి, "నీరు చేటు" అన్నది లోనికి. "ఒలుచు" అన్న క్రియ రేకు పెచ్చులూడే తీరుకు సరిగ్గా అమరింది. చమత్కారానికి పెదవాల్తేరు గారి పద్యం, అన్వయశుద్ధికి మీ పద్యం ఈ వారం ముందున్నాయి. రెండింటిలో ఒకదాన్ని ఎంచమంటే మీ పద్యాన్నే ఎంచుతాను.

భీమిలి

గురువుగారూ, పద్యాలన్నీ సీలెంట్ వైపే మొగ్గాయి. వ్యాక్స్ పక్షాన మాట్లాడేవారు ఎవరూ లేరా? కార్నౌబా బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలోని ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. ప్రకృతిలో దొరికే మైనాల్లో గట్టిదిగా దానికి పేరున్నది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరిగితే, ఇది 82 నుంచి 86 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మన ఎండకు ఆ మాత్రం చాలదా?

నిర్వాహకులు

శుద్ధ కార్నౌబా అయితే మీ మాట నిజమే. కానీ డబ్బాలో మనకు దొరికేది ద్రావకాలూ, నూనెలూ, ఇతర మైనాలూ కలిపిన మిశ్రమం. శుద్ధ కార్నౌబా రాతిలా ఉంటుంది, దానిని చేతితో కారుపై రుద్దలేము. ఆరుబయట మండుటెండలో నిలిపిన నల్లని కారు బానెట్ 70 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. కనుక గట్టి మైనం పేరు చూసి ఆ డబ్బాకు కూడా అంత ఓర్పు ఉన్నదనుకోకూడదు. వ్యాక్స్ సాధారణంగా వారాలలో లెక్క, సీలెంట్ నెలలలో లెక్క.

అయినా వ్యాక్స్‌ను నేను కొట్టిపారేయను. కారు రాత్రిపూట సెల్లారులో ఉండి, నెలకొకసారి స్వయంగా తీరికగా పూసుకునేవారికి అదే తగినది, ఆ పని వారికి ఆనందం కూడా. ఎంవీపీ కాలనీలోనో, బీచ్ రోడ్డు పక్కనో ఆరుబయట కారు నిలిపేవారు మాత్రం పాలిషింగ్ అయిన వెంటనే సీలెంట్ వేయించుకోవడం మేలు. గాజువాక వైపు కార్లపై వాలే ఇనుప రేణువులను పాలిషింగ్‌కు ముందే తొలగించాలి. పూత వేసిన తరువాత గుర్తుకు వచ్చి ప్రయోజనం లేదు. రెండు పూతలకూ నియమం మాత్రం ఒక్కటే: నీడలో, చల్లని రేకుపై, వీలైనంత పలుచగా వేయాలి. నల్లని ప్లాస్టిక్ భాగాలకు వ్యాక్స్ తగిలితే తెల్లని మరకలు పడతాయి, వాటిపై ముందే టేపు అతికించుకోవాలి.

వచ్చే వారపు సమస్య, ఇది కూడా తేటగీతియే.

*గీత లుండిన కారుకే కీర్తి గలుగు*

పాలిషింగ్ చేసిన ప్రతిసారీ క్లియర్ కోట్ కొంత తరుగుతుందన్న సంగతిని ఆధారం చేసుకొని పూరించవచ్చు. గీతలను నూనెతోనో, పూడికతోనో దాచిపెట్టే పూరణలను ఈసారి అంగీకరించను.