టాంగన్యికా సరస్సులో నత్త గుల్లలు అంతకాలం కరగకుండా ఎలా ఉంటాయి?

ప్రశ్న (తొట్టిచేపలు_కాకినాడ):
ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సులో ఖాళీ గుల్లల్లో కాపురముండే చిన్న సిక్లిడ్ చేపలను పెంచుతున్నాను. ఆ గుల్లల్లో ఎక్కువ భాగం నియోథౌమా టాంగన్యిసెన్సే అనే మంచినీటి నత్తవేనని చదివాను. మన చెరువుల్లో చచ్చిన నత్త గుల్ల తొందరగానే పెళుసుబారిపోతుంది కదా, అక్కడ సరస్సు అడుగున పొరలు పొరలుగా ఎలా నిలిచి ఉంటున్నాయి? ఈ నత్త గుడ్లు పెడుతుందా, పిల్లల్ని కంటుందా?

జవాబు 1 (జలరసాయనం):
కారణం నీటిలోనే ఉంది. ఆ సరస్సు నీరు క్షారగుణం కలది. పీహెచ్ సుమారు 9 దాకా ఉంటుంది, పైగా అందులో కాల్షియం కార్బొనేట్ నిండుగా ఉండడం వల్ల గుల్లలోని సున్నం నీటిలోకి కరగదు సరికదా, కొన్ని గుల్లల మీద కొత్తగా సున్నపు పూత పేరుకుంటుంది కూడా. అందుకే నత్త చచ్చిపోయిన వందల ఏళ్ల తరువాత కూడా గుల్ల చెక్కుచెదరకుండా దొరుకుతుంది. సరస్సు లోతు దాదాపు 1,470 మీటర్లు ఉన్నా అడుగు నీటిలో ప్రాణవాయువు లేదు కనుక, నత్తలూ గుల్లల పరుపులూ తీరం వెంబడి ఉండే తక్కువ లోతు ప్రాంతాలకే పరిమితం.

జవాబు 2 (గోదారి_జువాలజీ):
ఇది పిల్లల్ని కనే నత్త. బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త ఎడ్గార్ స్మిత్ 1880లో వర్ణించిన ఈ జాతి వివిపారిడే కుటుంబానికి చెందినది, ప్రపంచంలో మరే సరస్సులోనూ బతికి లేదు. మన కాలువల్లో దొరికే బెల్లామియా బెంగాలెన్సిస్ కూడా అదే కుటుంబం. కూరకు నత్తలు శుభ్రం చేసేటప్పుడు ఆడనత్త లోపల బుల్లి గుల్లలతో సహా ఏర్పడిన పిల్లలు కనిపిస్తాయి, గమనించండి. మగనత్తను గుర్తించాలంటే కొమ్ములు చూడాలి. సంగమానికి ఉపయోగపడే కుడి కొమ్ము ఎడమదానికంటే లావుగా ఉంటుంది.

జవాబు 3 (సిక్లిడ్_ప్రేమి):
గుల్ల విలువ చేపలకు ఎంతటిదో అదే సరస్సులోని లాంప్రొలోగస్ కాలిప్టెరస్ అనే సిక్లిడ్ చేపను చూస్తే తెలుస్తుంది. మగచేప ఖాళీ గుల్లలను నోటితో మోసుకొచ్చి ఒకచోట పోగుచేస్తుంది. ఆడచేప వాటిలోకి దూరి గుడ్లు పెడుతుంది. గుల్లలో పట్టేంత చిన్నదిగా ఆడచేప, గుల్లను మోయగలిగేంత పెద్దదిగా మగచేప ఉండాలి గనుక మగది సగటున ఆడదానికి పన్నెండు రెట్లకు పైగా బరువుంటుంది. ఒక నత్త గుల్ల పరిమాణం మరొక జీవి శరీరాన్ని ఇంతగా మలచడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

అయితే చుట్టుపక్కల కొండల మీద అడవులు నరికిన చోట్ల వానకు కొట్టుకొచ్చే మట్టి సరస్సులోకి చేరుతోంది. నీరు గుల్లను కరిగించకపోయినా, ఒండ్రు కప్పేస్తే చేపకు అది లేనట్టే. కాబట్టి తొట్టి కోసం ఆ సరస్సు గుల్లలు కొనకండి. మన చెరువుల్లోని పెద్ద నత్తల ఖాళీ గుల్లలను బాగా ఉడికించి, కడిగి వేస్తే ఆ చిన్న చేపలు వాటిలోనూ నిక్షేపంగా కాపురం పెడతాయి.