లాన్‌లో గోధుమ రంగు మచ్చలు: ఎండ దెబ్బా, తెగులా?

హన్మకొండ ముంగిలి:
ఇంటి ముందు కొరియన్ గడ్డి వేసి రెండేళ్లయింది. మే మొదటి వారం నుంచి పళ్లెమంత మచ్చలు పడుతున్నాయి. నీళ్లు చాలడం లేదనుకుని సాయంత్రం కూడా తడుపుతున్నాను. మచ్చలు తగ్గకపోగా ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

కాజీపేట తోట:
సాయంత్రం తడి ఈరోజే ఆపండి. రాత్రంతా ఆకు తడిగా ఉండి, గాలి వేడిగా ఉంటే శిలీంధ్రానికి అంతకన్నా ఏం కావాలి? తెల్లవారుజామున 5 గంటలకు పెడితే ఎండెక్కేసరికి ఆకు ఆరిపోతుంది. రోజూ పైపైన చల్లకుండా, నాలుగైదు అంగుళాల లోతు నానేలా పెట్టండి. ఇనుప చువ్వ గుచ్చితే ఎంత లోతు నానిందో తెలిసిపోతుంది. మాది చెల్క నేల (ఎర్రటి ఇసుక నేల), రోజు విడిచి రోజు పెడతాను. నల్లరేగడికి అంత అక్కర్లేదు.

కరీంనగర్ పచ్చిక:
తెగులేనని అప్పుడే తేల్చకండి. మచ్చ అంచున గడ్డిని గుప్పిట పట్టి లాగి చూడండి. పోయిన ఆగస్టులో మా లాన్ చాప చుట్టినట్టు లేచి వచ్చింది, కింద ఒక్క వేరు లేదు! మట్టిలో కొడవలిలా వంగిన తెల్లటి వేరుపురుగులు, తలలు గోధుమ రంగు. మాగని పేడ వేసిన తప్పు నాదే. తొలకరికి నేలలోంచి లేచే పెంకుపురుగులు రాత్రిళ్లు వేపాకు తిని, మట్టిలో గుడ్లు పెడతాయి, వాటిలోంచి వచ్చేవే ఈ వేరుపురుగులు. ఈసారి మృగశిర వానలకు వేపచెట్టు దగ్గర, వెలుగుకు వచ్చే పెంకుపురుగుల్ని పట్టే దీపపు ఎర పెడుతున్నాను. మీకు ఇప్పుడు మేలోనే వేళ్లు తెగి ఉంటే మాత్రం చెదలు ఉన్నాయేమో కూడా చూడండి.

హన్మకొండ ముంగిలి:
లాగి చూశానండి, వేళ్లు గట్టిగానే ఉన్నాయి. కానీ పొద్దున్నే వంగి చూస్తే మచ్చ అంచున సాలెగూడులాంటి తెల్లటి బూజు, ఎండ తగలగానే మాయం. పచ్చబడుతుందని పోయిన వారం యూరియా కూడా చల్లాను.

ములుగు రోడ్డు:
అయ్యో, యూరియా వద్దండి! మెత్తటి లేత ఆకు వస్తుంది, బూజు దాన్నే ముందు పట్టుకుంటుంది. వానలు కుదురుకునే దాకా యూరియా లాంటి నత్రజని ఎరువులు ఆపండి. గడ్డిని రెండంగుళాలకు తగ్గనివ్వకండి, ఒక్క కోతలో మూడో వంతుకు మించి తీయకండి. బ్లేడు పదునుగా ఉండాలి. మొద్దు బ్లేడు ఆకును చీల్చేస్తుంది. మచ్చలున్న చోటు చివరన కోసి, ఆ గడ్డి ఎత్తేసి, బ్లేడు కడగండి.

హన్మకొండ ముంగిలి:
మూడు వారాలైంది. కొత్త మచ్చ రాలేదు. పాత మచ్చల్లో పెద్దదాని అంచు నుంచి సన్నటి పిలకలు రెండు లోపలికి పాకాయి. ఆ చోట ఎవరినీ అడుగు పెట్టనివ్వడం లేదు.