90 నుంచి 120కి: లూపుల మధ్య వేగం మార్చడం ఎలా?

ప్రశ్న:
సంగీత సాఫ్ట్‌వేర్ ఏబుల్టన్ లైవ్‌లో నా మొదటి లూపు (మళ్లీ మళ్లీ మోగే ముక్క) నిమిషానికి 90 బీట్లది, రెండోది 120ది. మారే చోట సంగీతం తెగినట్టు వినిపిస్తోంది. లూపు వేగాన్ని సర్దే పద్ధతుల్లో ఒకటైన రీపిచ్ పెడితే శ్రుతి పైకి పోతోంది. వేదిక మీద మీరు ఏం చేస్తారండీ?

జవాబు:
రీపిచ్ టేపును వేగంగా తిప్పినట్టే పనిచేస్తుంది కనుక, ఇక్కడ శ్రుతి సుమారు ఐదు అర్ధస్వరాలు, అంటే షడ్జమం నుంచి శుద్ధ మధ్యమం దాకా, పెరుగుతుంది. డ్రమ్ములకు బీట్స్, గాత్రానికి కాంప్లెక్స్ ప్రో అనే, శ్రుతి మార్చని పద్ధతులు వాడండి. సీన్‌కే (ఒకేసారి మోగే లూపుల వరుసకే) టెంపో, అంటే వేగం, ఇస్తే చేతిపని తగ్గుతుంది.

మరో జవాబు:
మీ సంఖ్యలు అదృష్టవశాత్తూ కలిసివచ్చాయి. 90లో బీటుకు నాలుగు చొప్పున నిమిషానికి 360 మాత్రలు; వాటినే మూడేసిగా విడగొడితే 120 బీట్లు. (కర్ణాటక సంగీతంలో నడక, అంటే బీటుకు మాత్రల సంఖ్య, మారితే తాళం నిలిచి మాత్రల వేగం మారుతుంది, ఇక్కడ తలకిందులుగా మాత్రలు నిలిచి తాళమే కదులుతుంది.) హైహ్యాట్‌ను (మాత్రలను మోగించే తాళం పళ్లేలను) ఆపకుండా మూడు బార్ల (నాలుగేసి బీట్ల ఆవర్తనాల) పాటు మూడేసి మాత్రలకొక కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) వేస్తే సరిగ్గా పదహారు కిక్‌లు పడతాయి, ఆ వెంటనే టెంపోను 120 చేసి, హైహ్యాట్‌ను ట్రిప్లెట్లలో (బీటుకు మూడు చొప్పున) కొనసాగిస్తే అతుకు వినిపించదు.

ప్రశ్న అడిగినవారు:
మూడు బార్ల లెక్క కుదిరిందండీ. టెంపో మారే క్షణంలో డిలే (ప్రతిధ్వని ఎఫెక్ట్) మాత్రం వంకరగా మోగుతోంది.

జవాబు:
డిలేను సింక్ (టెంపోతో జత) నుంచి తీసి, కాలాన్ని మిల్లీసెకన్లలో ఇవ్వండి.