‘నర్సుని’, ‘నర్సుగా పని చేస్తున్నాను’: ఈ రెండూ ఒకటేనా?

ఒక సంస్థ తన సిబ్బంది కోసం వేసుకునే పత్రికకు ఉద్యోగుల పరిచయాలు దిద్దుతున్నప్పుడు నాకు ఎదురైన సందేహాన్ని చర్చకు పెడుతున్నాను. ఒకావిడ తన పరిచయాన్ని ‘నేను నర్సుని’ అని మొదలుపెట్టారు. నేను అలవాటు కొద్దీ దాన్ని ‘నర్సుగా విధులు నిర్వర్తిస్తున్నాను’ అని మార్చాను. అచ్చుప్రతి చూసి ఆవిడ, ‘విధులు సాయంత్రానికి అయిపోతాయండీ, ఇంటికి వెళ్లాక కూడా నేను నర్సునే కదా’ అన్నారు. నా దిద్దుబాటును నేనే కొట్టేసుకున్నాను.

వ్యాకరణం ఆవిడ పక్షానే ఉంది. ‘వచ్చితిని, వచ్చితివి, వచ్చితిమి’ అన్నప్పుడు క్రియకు ఎలా పురుష ప్రత్యయం చేరుతుందో, ‘కవిని, కవివి, కవులము’ అన్నప్పుడు నామవాచకానికీ అలాగే చేరుతుంది. అంటే తెలుగులో వృత్తి పేరు, మాట్లాడే మనిషి గుర్తును తన ఒంటిమీదే వేసుకుంటుంది. ప్రథమ పురుషకు ఈ బాధ్యత లేదు. ‘ఆమె నర్సు’ అంటే చాలు. ‘మా అబ్బాయి సాఫ్ట్‌వేరు’ అని మనిషినీ రంగాన్నీ ఏకం చేసే వెసులుబాటు కూడా అక్కడే ఉంది. ‘నేను సాఫ్ట్‌వేరుని’ అంటే మాత్రం వినేవారికి నవ్వు వస్తుంది.

‘గా’ దారి వేరు. అది ‘అగు’ ధాతువు నుంచి వచ్చిన ‘కా’ రూపమే కాబట్టి, ‘మేనేజరుగా’ అన్న మాటలో ‘మేనేజరు అయి’ అన్న అర్థం ఇప్పటికీ నీడలా ఉంది. ఒకనాడు అయిన మనిషి మరొకనాడు కాకుండా పోవచ్చు. బదిలీలు, పదోన్నతులు, తాత్కాలిక బాధ్యతలు ‘గా’తోనే నడవడం అందుకేనని నా అభిప్రాయం: ‘ఇన్‌ఛార్జిగా నియమించారు’, ‘సూపరింటెండెంటుగా రిటైరయ్యారు’. పొలం దున్నుకునే మనిషి ‘రైతుగా పని చేస్తున్నాను’ అంటే ఎంత కృతకంగా ఉంటుందో, ‘నేను అసిస్టెంట్ వైస్ ప్రెసిడెంటుని’ అన్నా చెవికి అంత ఇబ్బందిగానే ఉంటుంది. రెండో వాక్యాన్ని వ్యాకరణం ఒప్పుకుంటుంది కానీ, అందులో బడాయి వినిపిస్తుంది. చేతిలో ఉన్న విద్యకు ‘ని’ అతికినంత సులువుగా, సంస్థ ఇచ్చిన హోదాకు అతకదు. అలాంటి హోదాలు ఉన్నవారు చాలామంది ‘బ్యాంకులో చేస్తున్నాను’ అని చోటు చెప్పి ఊరుకోవడం మనం రోజూ వింటున్నదే.

మిగిలిన చిక్కు ‘ని’, ‘ను’ల మధ్యది. ఇకారం మీద వచ్చే ‘ను’, ‘వు’ల ఉత్వం (చివరి ‘ఉ’) ఇత్వం (‘ఇ’) అవుతుందని చిన్నయసూరి బాలవ్యాకరణం చెబుతుంది. ఆ లెక్కన ‘కవిని’ సరే, ‘నర్సు’కు మాత్రం ‘నర్సును’ అనే రావాలి. వాడుకలో ‘నర్సుని, డాక్టర్ని, టీచర్ని’ అని ‘ని’ అంతటా పరుచుకుంది. పైగా ‘నర్సుని పిలవండి’ అన్నప్పటి ద్వితీయా విభక్తి రూపమూ ఇదే కావడంతో ఏది ఏదో సందర్భమే తేల్చాలి. ఆవిడ వాక్యంలో ‘నర్సుని’ అనే ఉంచి అచ్చుకు పంపాను. రాతలో ‘నేను నర్సును’ అని పాటించేవారు మీలో ఎవరైనా ఉంటే, మాట్లాడేటప్పుడు కూడా అలాగే అంటారా?