థార్ కింద స్కిడ్ ప్లేట్లు గలగలమంటున్నాయి, బోల్టులకు తుప్పు. ఏం చేయాలి?

సాగర్‌నగర్_థార్:
అందరికీ నమస్కారం. విశాఖలో మా ఇంటి బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది. ఆ వైభోగం ఖరీదెంతో బండి కింద పడుకుని చూస్తే తెలుస్తోంది. నాది 2022 మహీంద్రా థార్ డీజిల్. ఇంజన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె) కింద రాళ్లు తగలకుండా మూడు ముక్కలుగా 3 మి.మీ. స్టీల్ స్కిడ్ ప్లేట్లు వేయించాను. షాపువాళ్లు నల్ల అలెన్ బోల్టులు (తలలో ఆరు మూలల గుంట ఉండేవి) బిగించి, "12.9 గ్రేడు సార్, ఏనుగు తొక్కినా విరగవు" అన్నారు. వానాకాలం దాటేసరికి బోల్టు తలలన్నీ ఎర్రబారాయి, ఒకటైతే ఎక్కడో రాలిపోయింది. అనంతగిరి ఘాట్‌లో గుంతలో దిగితే చాలు, కింద రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టు మోత.

స్టెయిన్‌లెస్ బోల్టులకు మారిపోనా, లేక ప్లేట్లే అల్యూమినియంవి తీసుకోనా? మోత పోవాలంటే ప్లేటుకీ ఛాసిస్‌కీ మధ్య రబ్బరు ముక్కలు పెట్టమని ఒకాయన అన్నాడు. వచ్చే నెల వంజంగి, లంబసింగి వైపు వెళ్లాలి, అందుకే ఈ టెన్షన్.

ఘాట్‌రోడ్_జీపు:
బోల్టుకి రెండేసి స్ప్రింగ్ వాషర్లు వేసి గట్టిగా లాగేయ్ బ్రో. పాత జీపులకి ఇవన్నీ ఎవడు చూశాడు? అల్యూమినియం మాత్రం మంచిదే, బరువు తగ్గుతుంది.

గాంధీగ్రామ్_ఫిట్టర్:
బాబూ, నేను షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. కార్ల మెకానిక్‌ని కాను గానీ, ఉప్పుగాలిలో ఉక్కుని ఉక్కుతో బిగించడమే నా జీతం. కొండమీద రాయి నీ ప్లేటుని ఎప్పుడో ఒకసారి కొడుతుంది. సముద్రం మాత్రం నువ్వు నిద్రపోతున్నప్పుడు కూడా కొడుతూనే ఉంటుంది. కాబట్టి ముందు బోల్టు సంగతి చూద్దాం.

ఆ నల్ల అలెన్ బోల్టులు తీసి పారెయ్. ఆ నలుపు పెయింటు కాదు, ఆక్సైడు పొర మీద కాస్త నూనె, అంతే. మన ఊళ్లో అది నిలవదు. పైగా అంత గట్టి ఉక్కు తుప్పు పడితే వంగదు, చెప్పాపెట్టకుండా విరుగుతుంది. తల గుంటలో మట్టి గట్టిపడితే అలెన్ కీ దిగదు, బలవంతంగా తిప్పితే మూలలు అరిగిపోతాయి. నీకు కావలసింది జింకు పూత ఉన్న 8.8 గ్రేడు ఫ్లాంజ్ బోల్టు, అంటే తల కింద వాషర్‌లా వెడల్పు అంచు ఉండేది. గ్రేడు అంకె బోల్టు బలాన్ని చెబుతుంది. బయట పానాతో పట్టుకోవచ్చు. ప్లేటులో దాని తల దిగేంత పల్లం ఉండాలి, లేకపోతే రాయి ముందు తలనే గీకేస్తుంది.

స్టెయిన్‌లెస్ అంటావా. అది తుప్పు పట్టదు, నిజమే. కానీ ఉప్పు తడిలో రెండు లోహాలు కలిసి ఉంటే, తక్కువ రకం లోహాన్ని ఎక్కువ రకం తినిపించేస్తుంది. ఓడ అడుగున జింకు దిమ్మలు కట్టేది ఇందుకే: ఉప్పునీళ్లు ముందు జింకుని తింటాయి, ఉక్కు మిగులుతుంది. నీ బండిలో స్టెయిన్‌లెస్ బోల్టు పెడితే అది బాగానే ఉంటుంది, తినేది ఛాసిస్‌కి వెల్డు చేసిన నట్టుని. బోల్టు పోతే కొత్తది దొరుకుతుంది, ఆ నట్టు పోతే ఛాసిస్ కొయ్యాలి. మామూలుగా దొరికే స్టెయిన్‌లెస్ బోల్టు రకం ఏ2-70, దాని బలం కూడా 8.8 కంటే తక్కువే.

అల్యూమినియం కథా ఇంతే. చదరపు మీటరుకి 3 మి.మీ. స్టీలు సుమారు 23.5 కిలోలు, 5 మి.మీ. అల్యూమినియం 13.5 కిలోలు. బరువు తగ్గే మాట నిజం. కానీ మెత్తన కాబట్టి రాయి దాన్ని పట్టుకుంటుంది, స్టీలు మీద అయితే జారిపోతుంది. బీచ్‌రోడ్డు బండికి బోల్టు రంధ్రాల చుట్టూ తెల్లటి పొడి, అంటే అల్యూమినియం తుప్పు, రాలడం మొదలవుతుంది. ఉన్న స్టీలు ప్లేట్లే ఉంచుకో.

రబ్బరు ముక్కలు వద్దు. బోల్టుని పట్టి ఉంచేది బిగువు. రబ్బరు నలిగిన కొద్దీ ఆ బిగువు పోతుంది. రబ్బరు తప్పదనుకుంటే బుష్ మధ్యలో ఇనుప గొట్టం ముక్క ఉండాలి, బోల్టు ఆ గొట్టాన్ని నొక్కాలి, రబ్బరుని కాదు. అసలు ముందు మోత ఎక్కణ్నుంచో చూడు. ప్లేట్లు విప్పితే ఎక్కడో పెయింటు పోయి మెరుస్తున్న మచ్చ ఉంటుంది. తగులుతున్నది అక్కడే.

విప్పేటప్పుడు జాకీని నమ్ముకుని కిందికి దూరకు. స్టాండ్లు వెయ్యి, చక్రాలకు చెక్కలు పెట్టు. ముందు ప్లేటు చివరి బోల్టు ఊడగానే గుండెల మీద పడుతుంది, కింద ఎవరైనా పట్టుకోవాలి.

ఏయూ_మెకానికల్:
ఫిట్టర్ గారి మాటకు ఒక ముక్క కలుపుతాను. 1969లో యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు, బోల్టులు ఊడటానికి ముఖ్య కారణం పక్కకి ఊగే కదలికేనని పరీక్ష పెట్టి చూపించాడు. అలాంటి కదలికలో స్ప్రింగ్ వాషర్ దాదాపు దండగ. రెండు వేస్తే రెండు దండగలు. బోల్టు మరలు వదులవకుండా పూసే జిగురు ఉంటుంది, నీలం రంగు లాక్‌టైట్, 243 రకం, అది చాలు. ఎరుపు రకం వాడితే తర్వాత గ్యాస్ మంట పెట్టి వేడి చేస్తే గానీ రాదు. ఆయిల్ పైపులున్న చోట ఆ సరదా మనకొద్దు.

సాగర్‌నగర్_థార్:
ఫిట్టర్ గారూ, మీరన్నట్టే విప్పి చూశాను. గేర్‌బాక్స్ ప్లేటు అంచు సైలెన్సర్ బ్రాకెట్‌కి తగులుతోంది, అక్కడ అద్దంలా మెరిసిపోయింది. ఇంకోటి, ముందు ప్లేటు వెనక అంచు రెండో ప్లేటుకి పైన కూర్చుంది. అలాగే ఉండాలా?

గాంధీగ్రామ్_ఫిట్టర్:
ఉండకూడదు. తిరగేసి బిగించారు. ముందు ప్లేటు వెనక అంచు ఎప్పుడూ రెండోదాని కిందకి రావాలి. అప్పుడు ముందుకెళ్తున్నప్పుడు రాయి ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి జారుతుంది. నీకిప్పుడున్నట్టయితే రెండో ప్లేటు అంచు రాయిని పారలా ఎత్తుకుంటుంది. నీ బోల్టు అందుకే రాలిందేమో.

బ్రాకెట్ దగ్గర వేలు దూరేంత సందు కావాలి. ప్లేటు రంధ్రాన్ని గుండ్రటి ఆకురాయితో కాస్త పొడుగు చేసి పక్కకి జరుపు. కోసిన అంచుకి జింకు ప్రైమర్ కొట్టు. ఛాసిస్ నట్లలో ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) తిప్పి మరలు శుభ్రం చెయ్యి, కానీ పిచ్, అంటే మరకీ మరకీ మధ్య దూరం, చూసుకో: ఎం10లో, అంటే 10 మి.మీ. బోల్టులో, 1.25, 1.5 మి.మీ. రెండూ దొరుకుతాయి. అన్ని బోల్టులూ ముందు చేత్తోనే నాలుగైదు చుట్లు ఎక్కాలి, ఆ తర్వాతే పానా. కిట్‌తో కాగితం వచ్చి ఉంటే బిగువు అందులో ఉన్నంతే, లేకపోతే 8.8కి ఎం8 అయితే 25, ఎం10 అయితే 50 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపు. మరలకు లాక్‌టైట్, బయట తలకు మాత్రం గ్రీజు. రెండూ కలపకు. ఘాట్ ఎక్కే ముందు ఊళ్లోనే ఓ 100 కి.మీ. తిప్పి, ఒక్కో బోల్టూ ఊడిందేమో చూడు.

అరకు_చినుకు:
మా కొండల్లో తిరిగొచ్చాక ప్లేట్ల పైన పేరుకున్న బురద, ఎండుగడ్డి నీళ్లతో కడిగించండి. మీది బీఎస్6 డీజిల్, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) తనని తాను శుభ్రం చేసుకునేటప్పుడు బాగా కాలుతుంది, గడ్డి దాని పక్కనే ఉంటుంది. టెస్ట్ డ్రైవ్ అని బీచ్ ఇసుకలోకి మాత్రం దించకండి. అక్కడ తాబేళ్లు గుడ్లు పెడతాయి.

సాగర్‌నగర్_థార్:
అర్థమైంది, దించను. బోల్టులు రేపు ఆటోనగర్‌లో తీసుకుంటాను.

గాంధీగ్రామ్_ఫిట్టర్:
పాత బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్లు. తల మీద 8.8 అని అచ్చు లేకపోతే, షాపువాడు ఎంత చెప్పినా తీసుకోకు. రెండు ఎక్కువే కొను, ఘాట్‌లో దొరకవు.