టాటా ఎస్టేట్ ఛాసిస్ తుప్పు తినేసింది, వెల్డింగ్‌తో నిలబడుతుందా?

ప్రశ్న (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు కొన్న 1996 మోడల్ టాటా ఎస్టేట్ కారు ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఇంజిన్‌కి ఢోకా లేదు, తాళం తిప్పితే వెంటనే అందుకుంటుంది. ఇల్లు సముద్రానికి దగ్గర కావడంతో బాడీకి అక్కడక్కడా తుప్పు ఉందని తెలుసు. మొన్న వెనక సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్షులు మార్పిద్దామని లిఫ్ట్ ఎక్కిస్తే అసలు సంగతి బయటపడింది. ఎడమవైపు లాంగ్ మెంబర్ (ఛాసిస్‌లో పొడవునా ఉండే ఇనుప దూలం), వెనక చక్రం మీదుగా పైకి వంపు తిరిగే చోట, పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోయింది. పక్కనే ఉన్న, బాడీని ఛాసిస్‌కి బిగించే మౌంటింగ్ బ్రాకెట్ సగం పోయింది.

ఒక షెడ్‌లో "పైన ప్లేటు పెట్టి చుట్టూ వెల్డింగ్ కొట్టి, రబ్బర్ కోటింగ్ వేసేస్తాం, సాయంత్రానికి తీసుకెళ్లిపోవచ్చు" అన్నారు. ఇంకో షెడ్‌లో స్క్రాప్‌కి ఇచ్చేయమన్నారు. ఈ ఏడాదే ఆర్సీ రెన్యూవల్ ఉంది, ఆ టెన్షన్ ఒకటి. బండి వదులుకోవడం ఇష్టం లేదు, అలాగని పిల్లల్ని ఎక్కించుకుని భయపడుతూ నడపలేను. తెలిసినవారు దారి చెప్పండి.

జవాబు (రాజమండ్రి)

బాబూ, సాయంత్రానికి ఇచ్చేస్తామన్న షెడ్‌కి మాత్రం ఇవ్వకండి. తుప్పు మీద ప్లేటు పెడితే ఆ రెండింటి మధ్య తేమ చేరుతుంది. ఉప్పుగాలి ఊళ్లో అది ఇక ఆరదు. తుప్పుగా మారిన ఇనుము అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి నుంచి ఉబ్బి కొత్త ప్లేటునే తోసేస్తుంది. పైన రబ్బర్ కోటింగ్ ఉంటే అదంతా మీ కంటికి కనపడదు కూడా.

స్క్రాప్ అన్న మాట కూడా ఇప్పుడే నమ్మక్కర్లేదు. 1992లో వచ్చిన ఈ ఎస్టేట్ టాటామొబైల్ పికప్ వరసలో పుట్టిన బండి. కింద నిచ్చెనలా ఛాసిస్, దాని మీద విడిగా బాడీ. బాడీయే ఛాసిస్‌గా ఉండే కార్లతో పోలిస్తే ఇందులో లోపం ఎక్కడుందో కనిపిస్తుంది, చెయ్యి పెట్టి పని చేసుకోవచ్చు. మీరు చెప్పిన చోటే తుప్పు పట్టడంలో కూడా వింతేమీ లేదు. చక్రం విసిరే బురద ఆ వంపు మీద పేరుకుంటుంది, నీళ్లు కారే రంధ్రాలు మూసుకుపోతాయి, లోపల నుంచి తినడం మొదలవుతుంది. బయట రూపాయి బిళ్లంత కన్నం కనిపించిందంటే లోపల జానెడు పోయి ఉంటుందని అనుకునే పని మొదలుపెట్టాలి.

ముందు చూడాల్సింది ఇవి. డీజిల్ ట్యాంక్ దింపించండి, దాని వెనక ఏముందో అప్పుడే తెలుస్తుంది. చిన్న సుత్తితో లాంగ్ మెంబర్ మొత్తం, ముందు నుంచి వెనక దాకా, పైన, కింద, పక్కన కొట్టుకుంటూ రండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. పోయినచోట చప్పుడు మొద్దుగా వస్తుంది, దెబ్బకి పొడి రాలుతుంది. అలాంటి చోటల్లా సుద్దతో గీత గీయండి. కుడివైపు కూడా వదలొద్దు.

తర్వాత తలుపుల పరీక్ష. బండి నేల మీద ఉన్నప్పుడు తలుపు అంచుకీ బాడీకీ మధ్య సందు చూడండి. వెనక ఎడమ మూల ఒక్కటే జాకీతో కొంచెం లేపి మళ్లీ చూడండి. సందు బాగా మారిపోయినా, తలుపు పట్టేసినా ఛాసిస్ వంగుతోందని అర్థం. ఆ స్థితిలో బండిని రోడ్డెక్కించొద్దు.

ఒక హద్దు మాత్రం గట్టిగా చెబుతాను. స్టీరింగ్ బాక్స్ బిగించే చోట, ముందు సస్పెన్షన్ పట్టుకునే చోట ఛాసిస్ చిల్లులు పడి ఉంటే అతుకులతో సర్దుకోకండి. వెనక వంపు దగ్గర అయితే పద్ధతిగా చేస్తే నిలబడుతుంది.

జవాబు (హైదరాబాద్)

వెల్డింగ్ సంగతి పెద్దలు చెబుతున్నారు, నేను కాగితాల సంగతి చెబుతాను. సొంత కార్లకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యూవల్. అందుకు ఫారం 25తో పాటు బండిని తనిఖీకి చూపించాలి. అక్కడ ముఖ్యంగా చూసేది ఛాసిస్ నంబర్. కాబట్టి పనికి ఇచ్చే ముందే ఆ నంబర్ కొట్టిన చోటు వెతికి, తుడిచి, ఫోటోలు తీసుకోండి. కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ఛాసిస్ ప్రింట్ కూడా తీసి ఆర్సీతో పాటు దాచండి. ఆ చుట్టుపక్కల గ్రైండర్ తగలకూడదని వెల్డర్‌కి ముందే చెప్పాలి. నంబర్ అరిగిపోతే బండి ఎంత బాగున్నా రెన్యూవల్ ఆగిపోతుంది.

ఇంకో బండి ఛాసిస్ తెచ్చి వేయించే ఆలోచన వస్తే, ముందుగా ఆర్టీఏ అనుమతి లేకుండా చేయకండి. దాని మీద ఉన్నది వేరే నంబర్, ఆర్సీలో ఉన్నది వేరే నంబర్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులని ఊరికే ఒప్పుకోదు. ఉన్న ఛాసిస్‌కి మరమ్మతు చేయించుకోవడం వేరు, అది మీ హక్కు. బిల్లులు, ఫోటోలు మాత్రం ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

గురువుగారూ, మీరు చెప్పినట్టే ట్యాంక్ దింపి చూశాం. ఎడమవైపు సుమారు రెండు జానల మేర పక్క గోడ, కింది అంచు పోయాయి. కుడివైపు పైపైన పెచ్చులే, కొడితే ఖంగుమంటోంది. ముందు భాగం గట్టిగా ఉంది. తలుపుల సందులో తేడా కనపడలేదు. ఛాసిస్ నంబర్ భద్రంగా ఉంది, ప్రింట్ తీసుకున్నాను. ఇక్కడ గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డర్ రాడ్‌తో చేస్తానంటున్నారు. సరిపోతుందా?

జవాబు (రాజమండ్రి)

చాలా సంతోషం బాబూ, బండి దక్కుతుంది.

రాడ్ వెల్డింగ్ తప్పని కాదు. కానీ తుప్పు తిని పలచబడిన అంచు దగ్గర రాడ్ వేడికి కన్నాలు పడతాయి, వాటిని పూడ్చడానికి ఇంకా వేడి పెడతారు. గ్యాస్ పోస్తూ తీగతో చేసే మిగ్ వెల్డింగ్ ఉన్న షెడ్ చూడండి, 0.8 మిల్లీమీటర్ల తీగ సరిపోతుంది. మిషన్ కంటే మనిషి ముఖ్యం. లారీ ఛాసిస్‌లకి పని చేసిన చెయ్యి అయితే ఇంకా మంచిది.

కోసే ముందే కొలతలు తీయాలి. బండి సమతలంగా ఉన్న గచ్చు మీద, స్టాండ్లు ఇరుసుల కింద ఉండాలి. రెండు లాంగ్ మెంబర్ల మీద ఎదురెదురు రంధ్రాలు ఎంచుకుని తూకం గుండు వదిలి నేల మీద గుర్తులు పెట్టండి. ఆ గుర్తుల మధ్య ఐమూలగా రెండు వైపులా కొలవండి. ఆ అంకెలు గోడ మీద రాసి ఉంచండి, పని మధ్యలో ప్రతిసారీ వాటితో సరిచూడాలి. పోయిన చోటుకి అటూ ఇటూ మంచి ఇనుము మీద ఒక యాంగ్లర్ (L ఆకారపు ఇనుప పట్టీ) ముక్క తాత్కాలికంగా అతికించి, అప్పుడు కోయండి. లేదంటే కోసిన క్షణంలోనే ఛాసిస్ కుంగుతుంది.

తుప్పు ఉన్నంత మేరా తీసేయాలి, మెరిసే ఇనుము వచ్చేదాకా. కొత్త ప్లేటు మందం పాతదానికి సమానంగా ఉండాలి. మంచిగా ఉన్న చోట వెర్నియర్ (మందం కొలిచే పరికరం)తో కొలిచి అదే మందం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు తెప్పించండి. మందం ఎక్కువైతే ఇంకా గట్టి అనుకుంటారు, కానీ మందం హఠాత్తుగా మారే చోటే తర్వాత పగులు వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది అతుకు ఆకారం. లాంగ్ మెంబర్ మీద పడే బరువు ఎక్కువగా పై అంచు, కింది అంచు మోస్తాయి, మధ్య గోడ మీద భారం తక్కువ. అందుకే కింది అంచుకి అడ్డంగా తిన్నగా వెల్డింగ్ గీత రాకూడదు. ఏటవాలుగా కోయాలి. దాని మీద వేసే బలం ప్లేటు చివరలు కూడా కోణంగా, గాలిపటం మూలలా ఉండాలి. నలుచదరం ప్లేటు వేసి చుట్టూ వెల్డింగ్ కొడితే, కొన్నాళ్లకి ఆ వెల్డింగ్ పక్కనే నిలువునా చీరుతుంది. ఆ అంచుల్లో కొత్త రంధ్రాలు కూడా వేయనివ్వొద్దు.

వెల్డింగ్ ఒక్క గుక్కలో లాగకూడదు. అంగుళం ఇక్కడ, అంగుళం అక్కడ, చల్లారనిచ్చి మళ్లీ. నీళ్లు పోసి చల్లార్చవద్దు. బ్యాటరీ తీసేయండి, ఎర్త్ క్లాంపు పని జరిగే చోటుకి దగ్గర్లోనే పెట్టండి. ఛాసిస్ వెంట వెళ్లే బ్రేక్ పైపులు విప్పి పక్కకి పెట్టాలి, పాతవే కాబట్టి ఈ సందర్భంలో మార్చేస్తే మేలు. ట్యాంక్ షెడ్ బయట ఉండాలి. బాడీ మౌంటింగ్ బ్రాకెట్ కొత్తది చేయించి, రబ్బరు కూడా కొత్తది వేయించండి. లప్పం, ఎం-సీల్ లాంటివి ఛాసిస్ దరిదాపులకి రానివ్వకండి.

జవాబు (న్యూజెర్సీ)

ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, పాత బండ్లన్నిటికీ ఇదే జబ్బు. నాకు తెలిసింది ఒక్కటే చెబుతాను: బయట ఎంత రంగు వేసినా లోపల వదిలేస్తే లాభం లేదు. వెల్డింగ్ అయ్యాక లోపలివైపు రంగు కాలిపోయి పచ్చి ఇనుము తేలి ఉంటుంది. పొడవాటి గొట్టం ఉన్న స్ప్రేతో క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల తుప్పు పట్టకుండా కొట్టే మైనం) లోపల కొట్టించండి. అది గట్టిపడకుండా సందుల్లోకి పాకుతుంది. ఏడాదికో రెండేళ్లకో మళ్లీ కొట్టాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మిగ్ ఉన్న షెడ్ ఒకటి గాజువాక వైపు దొరికింది, యాంగ్లర్ ఆయనే పెడతానన్నారు. ఆఖరి సందేహం: బయట రెడ్ ఆక్సైడ్ చాలా? కాల్చిన ఇంజిన్ ఆయిల్ పూస్తే మంచిదని ఒకరు అంటున్నారు.

జవాబు (రాజమండ్రి)

పాత ఆయిల్ వద్దు. రబ్బరు బుష్షుల్ని పాడుచేస్తుంది, దుమ్ము పట్టిస్తుంది, దాని మీద ఏ రంగూ నిలవదు. ఉత్త రెడ్ ఆక్సైడ్ మీ ఊరి గాలికి ఆగదు. వైర్ బ్రష్‌తో రుద్ది, ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక ఎపాక్సీ ప్రైమర్, దాని మీద గట్టి నల్ల రంగు వేయించండి. కుడివైపు పెచ్చులకి కూడా ఇప్పుడే ఇదే పని. నీళ్లు కారే రంధ్రాలు రంగుతో మూసుకుపోకుండా చూడండి.

బండి కిందికి దించి బరువు పడ్డాకే బుష్షుల బోల్టులు పూర్తిగా బిగించాలి. తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించండి. నెలరోజులు తిరిగాక మళ్లీ లిఫ్ట్ ఎక్కించి, వెల్డింగ్ అంచుల వెంట రంగులో వెంట్రుకవాసి గీతలేమైనా వచ్చాయేమో టార్చి వేసి చూడండి. కనిపిస్తే ఫోటో ఇక్కడ పెట్టండి.